బావగారి జల్లెడ

ఇంటికి తలుపు ఎంత అవసరమో, మనిషికి లూట్ ఫిల్టర్ అంత అవసరం. ఈ మాట నేను బల్ల గుద్ది చెబుతున్నాను. రాయడానికి కూర్చునే ముందు నిజంగానే ఒకసారి గుద్దాను కూడా. టీ ఒలికింది. అయినా మాట వెనక్కి తీసుకోను.

లూట్ ఫిల్టర్ అంటే ఏమిటని అడిగే అమాయకులు మీలో ఉండవచ్చు. మీ మీద నాకు కోపం లేదు, జాలి ఉంది. కంప్యూటర్లో ఒక రకం యుద్ధపు ఆటలున్నాయి. వాటిలో మీరొక వీరుడు. చేతిలో కత్తి, ఎదురుగా రాక్షసుల గుంపు. మీరు కత్తి తిప్పితే గుంపుకు గుంపు కూలుతుంది. కూలినవాడు ఊరికే కూలడు, తన ఆస్తంతా నేల మీద పారబోసి మరీ పోతాడు, అదే లూట్. కత్తులు, డాళ్ళు, టోపీలు, ఉంగరాలు, చిరిగిన చెప్పులు. ప్రతిదాని మీదా దాని పేరు రాసిన చీటీ ఒకటి. రాక్షసుడికి చెప్పులెందుకు, అవీ చిరిగినవే ఎందుకు అని నన్ను అడక్కండి. కాసేపటికి తెర నిండా చీటీలే మిగులుతాయి. ఎవరు ఎవరిని చంపుతున్నారో చంపేవాడికే తెలియదు.

అప్పుడు మనల్ని ఆదుకునేదే ఫిల్టర్. తెలుగులో జల్లెడ అనుకోండి. 'ఇది చూపించు, అది దాచు' అని మీరు ఒక్కో నిబంధనా రాసి పెట్టుకుంటారు. చిరిగిన చెప్పులు దాచు. తుప్పు కత్తులు దాచు. మంచి వస్తువు పడితే పెద్ద అక్షరాల్లో చూపించు. అంతకన్నా మంచిది పడితే ఆకాశం దాకా బంగారు వెలుగు నిలబెట్టు, పనిలో పనిగా ఒక చప్పుడు కూడా చెయ్యి. అంతే. చెత్త ఎక్కడికీ పోదు, నేల మీదే ఉంటుంది. మీ కంటికి మాత్రం ఆనదు. నాగరికత అంటే ఇంతకన్నా ఇంకేముంది చెప్పండి?

ఈ జల్లెడ ఆటకే పరిమితమైపోవడం మన దౌర్భాగ్యం. అదే బతుక్కి కూడా తగిలించుకోగలిగితే! ఆఫీసులో మేనేజరు గారి ప్రసంగం బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో, కాళ్ళ దగ్గరెక్కడో పడి ఉంటుంది. పెళ్ళిలో చెయ్యి పట్టుకుని 'నేనెవరో చెప్పుకో చూద్దాం' అని నిలదీసే పెద్దమనిషి అసలు కనబడడు, ఖాళీ గాలి మన చెయ్యి ఊపుతూ ఉంటుంది. ఫోన్లో పొద్దున్నే వచ్చిపడే శుభోదయం పువ్వులు పూయకముందే రాలిపోతాయి. జత తప్పిన మేజోడు మాత్రం మంచం కింద నుంచి బంగారు వెలుగు చిమ్ముతుంది. జీతం పడ్డ రోజున ఆ వెలుగు పక్క వీధికి కూడా కనబడుతుంది, కాకపోతే మధ్యాహ్నానికల్లా ఆరిపోతుంది.

నేను గాల్లో మేడలు కడుతున్నానని మీరు పెదవి విరవచ్చు. అందుకే సాక్ష్యం తెచ్చాను. మా బావగారు.

బావగారంటే మా అక్క భర్త. పాత సీసాలు కరిగించే కార్ఖానాలో ఏరివేత బెల్టు దగ్గర సూపర్వైజరు. ఊరి చెత్తంతా ఆ బెల్టు మీద కదిలి వస్తుంటే, రెండు వైపులా మనుషులు నిలబడి ఎవరికి చెప్పింది వాళ్ళు తీసేస్తారు. మొదటివాడు ఇనుము, తర్వాతివాడు ప్లాస్టిక్, ఆ తర్వాతివాడు రంగు సీసా. పనిలో కొత్తగా చేరినవాళ్ళకి ఆయన చెప్పే మొదటి పాఠం ఒకటే. 'బెల్టు మొదట్లో నిలబడ్డవాడు ఒకటి తీసేశాడంటే, చివర నిలబడ్డవాడికి అది జన్మలో కనబడదు. కాబట్టి మొదట్లో ఎవరిని నిలబెడుతున్నావో చూసుకో.' ఈ పాఠాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. ఆయన గుర్తుపెట్టుకోలేదు కాబట్టే ఈ కథ పుట్టింది.

వారమంతా చెత్త ఏరడం ఆయన ఉద్యోగం. ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని చెత్త ఏరడం ఆయన సరదా. ఇలాంటి మనిషి ఫిల్టర్ రాయడం మొదలుపెడితే ఎలా ఉంటుంది? ఆట పక్కకు పోయింది, ఫిల్టరే ఆటైపోయింది. చీటీ చుట్టూ గీత లేత పసుపా, ముదురు పసుపా అని ఆయన ఒక పూటంతా తలపట్టుకున్నారు. హాలు కిటికీకి ఏ రంగు కర్టెన్ కొందామని అక్క అడిగినప్పుడు 'ఏదో ఒకటి' అన్నది కూడా ఈయనే. తప్పుపట్టకండి. మనిషి బుర్ర ఎంతని పనిచేస్తుంది?

మా అక్క పళ్ళ డాక్టరు గారి దగ్గర రిసెప్షనిస్టు. పంటినొప్పితో పారిపోదామని చెప్పుల దాకా వెళ్ళినవాడిని కూడా పేరుపెట్టి పిలిచి, మెత్తగా లోపలికి పంపించగల గొంతు ఆమెది. ఆమె సెలవూ ఆయన సెలవూ కలిసేది ఒక్క ఆదివారమే. ఆ ఆదివారాన్ని ఆట మింగేస్తోందని ఆమె పోట్లాడలేదు. రెండో కంప్యూటర్ తెచ్చి ఆయన పక్కనే పెట్టుకుని, తానూ ఆటలో మంత్రగత్తెగా చేరిపోయింది. మొగుడు గడప దాటి బయటికి రాకపోతే తానే లోపలికి పోదామనుకుంది. ఆమెకి కావలసింది రాక్షసుల చావు కాదు, ఆ మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చోవడం.

అక్క ఫిల్టర్ పెట్టుకోలేదు. పడిన ప్రతిదీ ఏరుకుంటుంది, పేర్లు పైకి చదువుతుంది.

"ఏమండీ, ఇటు చూడండి, చిరిగిన చెప్పులట. పాపం ఎవరివో."

"ఆఁ, ఒక్క నిమిషం," అంటారు బావగారు.

ఈ 'ఒక్క నిమిషం' ఆయన ఊతపదం. అన్నం చల్లారుతోందన్నా అదే, గ్యాస్ అతను వచ్చాడన్నా అదే, కుళాయి వదిలేశారన్నా అదే. ఆ నిమిషం ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో ఇంతవరకూ చూసినవాళ్ళు లేరు. నేనైతే దీన్ని కూడా సమర్థిస్తాను. రెండు నిమిషాలు అనలేదు కదా!

ఆ ఆటలో నీలిమంట ఉంగరమని ఒకటుంది. చాలా అరుదు. దానికోసం బావగారు పెట్టుకోని ఆశ లేదు, తలవని తలపు లేదు. ఫిల్టర్లో దానికి ప్రత్యేకంగా పీట వేశారు. అది పడితే అన్నిటికన్నా పొడవైన బంగారు వెలుగు రావాలి. చప్పుడు మాత్రం ఏది పెట్టినా ఆయనకి నచ్చలేదు. గంట పెట్టి తీసేశారు, బూర పెట్టి తీసేశారు. చివరికి ఒక ఆదివారం అక్క వైపు తిరిగి అన్నారు.

"నీ గొంతు పెడతాను. 'ఏమండీ' అను, రికార్డ్ చేస్తా."

అక్క ముఖం విప్పారిపోయింది. "నా గొంతా, ఎందుకు?"

"అన్నిటికన్నా విలువైనదానికి పెట్టాలి. నీ గొంతైతే నేను ఎక్కడున్నా వింటాను."

చూశారా! మొగుడు పెళ్ళాన్ని ఇంత గొప్పగా పొగడటం మీరెప్పుడైనా విన్నారా? అక్క సిగ్గుపడుతూ ఫోన్ ముందు నిలబడింది. 'ఏమండీ' అంది. అలా కాదు, పాలు పొంగిపోతున్నట్టుంది, అన్నారాయన. మళ్ళీ అంది. ఇది డాక్టరు గారు పిలుస్తున్నారన్నట్టుంది, అన్నారు. చివరికి ఆమె నవ్వు ఆపుకుంటూ అన్నది నిలిచింది. ఆ రికార్డింగ్ నేనూ విన్నాను. కొత్తగా పెళ్ళైన రోజుల్లో అక్క ఆయన్ని అలాగే పిలిచేది.

ఆ రోజు నుంచి అక్కకి ఆటలో ఒక లక్ష్యం ఏర్పడింది. తన గొంతు ఆ కంప్యూటర్లోంచి మోగాలి. మోగగానే ఆయన ముఖం ఎలా వెలుగుతుందో పక్కనుంచి చూడాలి. అంతకుమించి ఏమీ అక్కర్లేదు ఆమెకి.

అదృష్టం చూడండి, ఆ ఉంగరం దొరికింది కూడా. దొరికింది అక్కకే. బావగారు ఫిల్టర్ దిద్దుకుంటున్న ఒక మధ్యాహ్నం ఆమె ఒంటరిగా ఏదో గుహలో దూరి, పడ్డదల్లా ఏరుకుంటూ ఏరుకుంటూ దాన్ని కూడా ఏరింది. కిక్కురుమనలేదు. ఆయన ఆటలోకి వచ్చాక, ఎదురుగా వెళ్ళి, ఆయన వీరుడి కాళ్ళ దగ్గర దాన్ని జారవిడిచింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని తన గొంతు కోసం చెవి ఒగ్గి కూర్చుంది.

ఏమీ మోగలేదు. వీరుడు ఉంగరాన్ని తొక్కుకుంటూ పోయాడు. "పద పద, ఇక్కడేం లేదు," అన్నారు బావగారు.

అక్క దాన్ని తీసి దాచుకుంది. చూడలేదేమో అనుకుంది. తర్వాతి ఆదివారం మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. ఆ తర్వాత ఇంకోసారి. నోటితో చెప్పి ఇచ్చేదైతే ఆమె ఎప్పుడో ఇచ్చేసేది. కానీ ఆయనే అన్నారు కదా, ఎక్కడున్నా వింటానని. చప్పుడు మార్చేసి ఉంటారు, తన గొంతు తీసేసి మళ్ళీ బూర పెట్టుకుని ఉంటారు, చెప్పడానికి మొహమాటపడుతున్నారు అని ఆమె తనకు తానే తీర్పు రాసేసుకుంది. ఆ తీర్పు ఆమెకి చాలా కష్టంగా తోచింది. నాతో ఫోన్లో మాట్లాడుతూ, 'ఇంక ఆ ఆట మానేస్తానురా తమ్ముడూ, ఆ టైములో బీరువా సర్దుకున్నా బాగుపడుతుంది' అంది. బీరువా సర్దడానికి మా అక్క గొంతు అంత బొంగురుపోనవసరం లేదు. అందుకే ఆ ఆదివారం నేను వెళ్ళాను.

వాళ్ళిద్దరూ పక్కపక్కనే, నేను వెనక స్టూల్ మీద. ఎడమ తెర ఆయనది, కుడి తెర ఆమెది. అక్క మంత్రగత్తె నడుచుకుంటూ వచ్చి, వీరుడి కాళ్ళ దగ్గర ఏదో పడేసింది. కుడి తెర మీద నీలిమంట ఉంగరం అని చీటీ కనబడింది. ఎడమ తెర మీద ఉత్త గచ్చు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. అదే నేల, అదే చోటు. ఆమెకి ఉంగరం ఉంది, ఆయనకి లేదు.

అక్క చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"పద పద," అన్నారు బావగారు.

"వచ్చే ఆదివారం నుంచి నేను ఆడనండీ," అంది అక్క.

"ఆఁ, ఒక్క నిమిషం."

ఇక నావల్ల కాలేదు. "బావా, ఆ కింద పడి ఉన్న ఉంగరం ఎవరిది?" అన్నాను.

"ఏ ఉంగరం?"

"మీ తెర మీద కాదు. అక్క తెర మీద చూడండి."

చూశారు. తన తెర చూసుకున్నారు. మళ్ళీ ఆమె తెర చూశారు.

"ఇది ఎప్పుడు దొరికింది నీకు?"

"వానలు మొదలవకముందు," అంది అక్క. "అప్పట్నుంచీ పెడుతూనే ఉన్నాను. మీరు తొక్కుకుంటూ పోతూనే ఉన్నారు."

"మరి నోటితో చెప్పొచ్చుగా."

"నేనెందుకు చెప్పాలి? నా గొంతే చెప్తుందన్నారు కదా."

బావగారు ఫిల్టర్ తెరిచారు. నీలిమంట ఉంగరం నిబంధన ఉంది. బంగారు వెలుగు ఉంది. అక్క గొంతు ఎక్కడికీ పోలేదు, పెట్టిన చోటే భద్రంగా ఉంది. అది కిందెక్కడో ఉంది. అన్నిటికన్నా పైన, మొట్టమొదటి వరుసలో ఇంకొకటి ఉంది. 'ఉంగరాలన్నీ దాచు.' ఒకరోజు ఆటలో ఇత్తడి ఉంగరాలు వానలా కురుస్తుంటే చిరాకెత్తి, ఇవాల్టికి ఉండనీ అని ఆయనే రాసి, ఆయనే మరిచిపోయింది. ఫిల్టర్ పైనుంచి కిందికి చదువుతుంది. మొదట ఏది వర్తిస్తే దానితో ఆగిపోతుంది. కింద ఎంత ప్రేమగా ఏం రాసుకున్నా అక్కడిదాకా రాదు.

బెల్టు మొదట్లో ఎవరిని నిలబెడుతున్నావో చూసుకో అని ఊరందరికీ చెప్పే మనిషి, తన బెల్టు మొదట్లో ఒక గుడ్డివాడిని నిలబెట్టుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను మాత్రం ఫిల్టర్ని ఒక్క మాట అనను. అది పాపం చెప్పినట్టు చేసింది. ఈ రోజుల్లో చెప్పినట్టు చేసేవాళ్ళు ఎంతమంది దొరుకుతారు?

బావగారు ఆ పై వరుస చెరిపేశారు. సేవ్ నొక్కారు. నొక్కగానే ఎడమ తెర మీద గచ్చులోంచి బంగారు వెలుగు ఒకటి లేచి ఆకాశం దాకా నిలబడింది. గది నిండా అక్క గొంతు, నవ్వు ఆపుకుంటూ, కొత్త పెళ్ళికూతురి గొంతు, మోగింది.

"ఏమండీ."

బావగారి కళ్ళు ఇంకా ఫిల్టర్ మీదే ఉన్నాయి. వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి. తల తిప్పకుండానే అన్నారు.

"ఆఁ, ఒక్క నిమిషం."

అక్క ఆయన వైపు చూసింది. ఆయనకి తానేమన్నారో అప్పుడు తెలిసింది. అక్క నవ్వింది. మొదట సన్నగా, తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకునేంతగా. ఆ తర్వాత మౌస్ అందుకుని నీలిమంట ఉంగరాన్ని తీసి తన మంత్రగత్తె వేలికి తొడిగేసింది.

"నిమిషం అయిపోయిందండీ," అంది.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. తర్వాతి ఆదివారం అక్క ఆట మానలేదు. పైగా తనకీ ఒక ఫిల్టర్ రాసుకొచ్చింది. మా వంశంలో ఇంతటి సాంకేతిక ప్రతిభ ఉందని నాకప్పటిదాకా తెలియదు. అందులో దాచు అన్న మాట ఎక్కడా లేదు. ఉన్నది ఒకే ఒక్క నిబంధన. ఆట మొదలైంది, మొదటి రాక్షసుడు కూలాడు, చిరిగిన చెప్పులు పడ్డాయి.

"ఆఁ, ఒక్క నిమిషం," అంది అక్క కంప్యూటర్, అచ్చం బావగారి గొంతుతో.

బావగారు ఉలిక్కిపడ్డారు. "నేనేం అనలేదే?"

ఇంకో రాక్షసుడు కూలాడు. ఆఁ, ఒక్క నిమిషం. గుంపు కూలింది. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం, ఆఁ, ఒక్క నిమిషం. గది గోడలు మారుమోగిపోయాయి. యుద్ధభూమి అంతా బావగారే, ఎక్కడ చూసినా చెప్పుల జతే.

"ఇదెప్పుడు రికార్డ్ చేశావు?" అన్నారాయన నీళ్ళు నములుతూ.

"వారమంతా ఫోన్ బల్ల మీద పెట్టి ఉంచానండీ. మీరు నాతో చెప్పించినట్టు మీతో అన్నిసార్లు చెప్పించవలసిన పని పడలేదు. మొదటి పూటే కావలసినన్ని వచ్చాయి."

"పోనీ చెప్పులు దాచెయ్యొచ్చుగా."

"నేను ఏదీ దాచనండీ. పడ్డవన్నీ చూసుకుంటాను."

బావగారు నవ్వారు. మొదట ఉక్రోషంగా, తర్వాత నిజంగా. వరసగా పడుతున్న చెప్పులతో పాటు నవ్వుతూ, మధ్యలో ఎక్కడో ఆపేసి, కాసేపు ఊరికే తన గొంతు తానే విన్నారు. అంత ఎక్కువసేపు తన మాట తాను వినవలసి వచ్చిన మొగుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఇంతలో అక్క టీ పెట్టడానికి లేచి వెళ్ళింది. వంటింట్లోంచి పిలుపు వచ్చింది. "ఏమండీ."

బావగారు తెర వైపు చూశారు. బంగారు వెలుగు లేదు. ఉంగరమూ లేదు. పిలిచింది కంప్యూటర్ కాదని అర్థమైంది. ఆయన కీబోర్డు వదిలేసి, రాక్షసుల మధ్య వీరుణ్ణి నిలబెట్టి, లేచి వంటింట్లోకి వెళ్ళారు. నేను చూస్తుండగానే వీరుడు చచ్చాడు. చావనీ.

కాబట్టి పాఠకులారా, లూట్ ఫిల్టర్ వరమని నేను మొదట అన్న మాట మీదే ఉన్నాను. ఫిల్టర్ లేకపోతే మా బావగారికి తాను ఏం దాస్తున్నారో ఈ జన్మకి తెలిసేదా? మనందరి తలకాయల్లోనూ ఒకటుంది, దానికి సేవ్ బటన్ కూడా అక్కర్లేదు. అందులో మొదటి వరుసలో ఏం రాసుకున్నామో తెరిచి చూసుకునే వీలు లేకపోవడం ఒక్కటే దానితో చిక్కు. ఆ సంగతి నాకెందుకు? నేను జాగ్రత్తపరుణ్ణి. మా ఇంట్లో అసలు ఆటలే లేవు. ఈమధ్య అక్క మా ఆవిడకి ఫోన్లో ఏదో నేర్పుతోంది గానీ, వంటకి సంబంధించినదే అయి ఉంటుంది.

ఈ చివరి పేరా దిద్దుతుండగా మా ఆవిడ పిలిచింది. 'ఆఁ, ఒక్క నిమిషం' అన్నాను. రెండు వాక్యాలే కదా మిగిలింది. మామూలుగా అయితే దీనికి ఒక విసుగు వినబడాలి. వినబడలేదు. అనుమానం వచ్చి తలెత్తి చూస్తే గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతిలో ఫోన్, దాని మీద ఎర్ర చుక్క.

"ఇంకోసారి అనండి," అంది మా ఆవిడ. "వదిన కాస్త స్పష్టంగా తీయమంది."